ఐదో రోజు పక్షి

ఆయన పోయాడన్న కబురు విన్నప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది.

కబురు తెచ్చినవాడు మా ఆయనతో పాటు కలకత్తా దగ్గర సంత్రాగాఛి రైల్వే యార్డులో పనిచేసిన మనిషి. కలకత్తా నుంచి విశాఖపట్నంలో చుట్టాలింటికి వస్తూ మమ్మల్ని చూసిపోదామని వచ్చాడు. కాఫీ గ్లాసు కింద పెట్టి, గొంతు తగ్గించి సంగతి చెప్పాడు. నేను చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. పాపం, ఏడుస్తున్నాననుకుని అతను నన్ను ఓదార్చబోయాడు. మా ఆయనకు మాత్రం సంగతి తెలుసు. తన పెదవులూ అదురుతున్నాయి. ఇద్దరి కళ్ళముందూ ఒకటే బొమ్మ. నల్ల గొంగళి కప్పుకుని, మోకాళ్ళూ చేతులూ నేలకానించి, గేదెల మందలో కలిసిపోయి మేస్తున్నట్టు నటిస్తున్న ఒక చర్చి సంఘపెద్ద.

ఏడుపు తర్వాత వచ్చింది. అందరం వెళ్ళి పడుకున్నాక, బాగానే వచ్చింది.

ఆయన్ని మేము బాబాయి అనేవాళ్ళం. రైల్వే క్వార్టర్లలో మా పక్కిల్లు. భీమిలి వైపు మనిషి. యార్డులో నిలిచిన గూడ్సు బండ్ల పక్కన పొడుగుపిడి సుత్తి పట్టుకుని నడుస్తూ, ఒక్కో చక్రాన్నీ కొట్టి, మోత విని, పగులుందో లేదో చెప్పడం ఆయన ఉద్యోగం. ఆ పని వల్లనో ఏమో, ఎవరితో మాట్లాడినా తల ఒక పక్కకు వంచి వినేవాడు. మన మాట ఖంగుమంటోందా లేదా అని చూస్తున్నట్టు ఉండేది. మొత్తం విన్నాక “అది కాదు సంగతి” అనేవాడు. మనం ఎండ ఎక్కువగా ఉందన్నా సరే, అదే జవాబు.

బెంగాలీ వాళ్ళు ఆయనకు ఫింగే దాదా అని పేరు పెట్టారు. ఫింగే అంటే వాళ్ళ భాషలో ఒక పిట్ట. నల్లగా, సన్నగా ఉండి, తోక చివర రెండుగా చీలి ఉంటుంది. మేతకు పోయే గేదె వీపెక్కి ఊరేగుతుందే, అదే. మనవైపు దాన్ని పసులపోలిగాడు అంటారు. ఆ పేరంటే బాబాయికి ఎంత గర్వమో చెప్పలేను. మన పెద్దవాళ్ళు పిట్టకు పేరు పెడుతూ పసుల్ని ముందు పెట్టి పిట్టను వెనక పెట్టారంటే ఎంత ఆలోచించి ఉంటారో చూడమనేవాడు. ఆయన బుర్రలో ఉన్నది ఆ ఒక్క పొత్తే. గడ్డి మేసే జంతువూ, దాని వెంట తిరిగే పిట్టా. ఈ రెండింటికీ స్నేహం ఎప్పుడు కుదిరింది, ఎవరు ముందు పలకరించారు, ఒకరు లేకుండా ఇంకొకరు ఏమయ్యేవారు. భోజనం చేస్తున్నా, దుప్పటి ఉతుకుతున్నా, జీతం తీసుకునే వరసలో నిలబడ్డా ఇదే ధ్యాస.

నేను పెళ్ళయి బొబ్బిలి నుంచి కాపురానికి వచ్చిన కొత్త. పొద్దున్నే కుళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడ్డాను. బాబాయి బక్కెట్టు పట్టుకుని వచ్చి, నన్ను చూసి ఆగి, తల పక్కకు వంచాడు. ఎవరి అమ్మాయివి, ఏ ఊరు, ఏ సంఘం అని అడుగుతాడని సిద్ధంగా ఉన్నాను.

“మీ వూర్లో గేదెల మీద ఏ పిట్ట కూకుంటాదమ్మా?” అన్నాడు.

నాకేం తోచలేదు. కాకి అని చెప్పాను.

ఆయన బక్కెట్టు నింపుకోకుండానే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. సాయంత్రం ఆయన భార్య, మా పిన్ని, గిన్నెలో కూర పట్టుకొచ్చి, మీ బాబాయి పొద్దుటినుంచి దిగులుగా ఉన్నారమ్మా, బొబ్బిలి అంతటి ఊళ్ళో పసులపోలిగాడు లేకుండా పోయిందా అంటున్నారు, ఒక్కసారి గుర్తుతెచ్చుకో, అంది. ఉందిలే పిన్నీ, నేనే సరిగా చూడలేదు అన్నాను. ఆ మాట ఆవిడ గోడ అవతలికి చేరవేసింది. ఆ రాత్రి ఆయన అన్నం తిన్నాడట.

సమయం సందర్భం చూసుకునే అలవాటు ఆయనకు లేదు. ఒకసారి మా సంఘంలో ఒక ముసలాయన పోతే అందరం శ్మశానానికి వెళ్ళాం. పెట్టె గోతిలోకి దిగుతోంది. ఆడవాళ్ళం ఏడుస్తున్నాం. బాబాయి తాడు పట్టుకున్న గోతిమనిషి భుజం తట్టి, అటు సమాధుల మధ్య తిరుగుతున్న తెల్లకొంగల్ని చూపించి, ఇక్కడ ఆవు ఒక్కటీ లేదు గదా, ఇవి ఎవరి అడుగుల వెంట వచ్చినట్టు అని బెంగాలీలో అడిగాడు. అతను తాడు వదిలేసినంత పనిచేశాడు.

సంత్రాగాఛి స్టేషను పక్కన పెద్ద చెరువుంది. అక్కడివాళ్ళు ఝీల్ అంటారు. గుర్రపుడెక్క కప్పేసిన నీళ్ళు, ఒడ్డున పచ్చిక. డ్యూటీ దిగాక బాబాయి గొడుగు తీసుకుని అక్కడికి వెళ్ళేవాడు. ఆ గొడుగు ఎప్పుడూ విప్పేవాడు కాదు. విప్పితే పిట్టలు బెదురుతాయట. వాన వస్తే ముడిచిన గొడుగు చంకలో పెట్టుకుని ముద్దగా తడిసి ఇంటికి వచ్చేవాడు. పిన్ని ఆయన చేతిలోంచి గొడుగు అందుకుని, పాపం ఇది తడవకుండా మీరు అడ్డం పడ్డారన్నమాట అనేది.

చెరువు అవతల ఒక బీహారీ మనిషి గేదెల సాల ఉండేది. అలాంటి పాలశాలల్ని కలకత్తాలో ఖటాల్ అనేవాళ్ళు. అతని గేదెలన్నీ మధ్యాహ్నం పూట మేతకూ నీళ్ళకూ ఈ ఒడ్డుకే వచ్చేవి. రోజూ ఒక మనిషి పనిగట్టుకుని వచ్చి, తన గేదెల వీపులకేసి కన్నార్పకుండా చూస్తూ కూర్చోవడం అతనికి నచ్చలేదు. పాలు తగ్గితే ఈయన కళ్ళే కారణం అనుకుని, ఒక్కో గేదె మెడకూ పాత చెప్పొకటి కట్టాడు. ఆ చెప్పులు తన దిష్టి తియ్యడానికే అని బాబాయికి చివరిదాకా తెలియదు. బీహారు వైపు గేదెలకు ఇదొక అలంకారం అనుకున్నాడు.

ఆయన చెప్పేది నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. గేదె అడుగు వేస్తే గడ్డిలో పురుగులూ మిడతలూ లేస్తాయి. గేదె వాటిని తినదు, దానికి గడ్డి చాలు. పిట్ట గడ్డి తినదు, దానికి మిడత చాలు. పిట్ట ఒంటరిగా గడ్డిలో దిగి వెతుక్కుంటే రోజంతా వెతకాలి. గేదె నడిస్తే భోజనం దానంతటదే లేచి వస్తుంది. పోట్లాట లేని కాపురం లోకంలో ఇదొక్కటేనమ్మా అనేవాడు, పిన్ని వినేటట్టుగా. పిన్ని లోపలినుంచి, గేదెకు మాటలు రావు గనక కాపురం సాగుతోంది అనేది.

టీ కొట్టు దగ్గర ఒక బెంగాలీ బడిపంతులు పరిచయమయ్యాక ఈ ధ్యాస ముదిరింది. మాస్టర్‌మొశాయ్ అనేవాళ్ళం. పిల్లలకు జంతువుల పాఠం చెప్పే మనిషి. బాబాయి ప్రశ్న విని నవ్వకుండా జవాబు చెప్పినవాడు అతనొక్కడే. చాలా చాలా కాలం కిందట భూమ్మీద మైదానాలు ఏర్పడి గడ్డి పెరిగిందట. గడ్డి వెంట మేసే జంతువులు పెరిగాయి. వాటి కాళ్ళ కింద పురుగులు లేచాయి. పురుగుల కోసం పిట్టలు చెట్లు దిగి వాటి వెనకపడ్డాయి. తరాల తరబడి అలా వెనకపడగా పడగా ఒకరి పద్ధతికి ఒకరు అలవాటుపడ్డారు. మన దేశంలోనే కాదు, చలిదేశాల్లోనూ ఇదే తంతు అంటూ ఒక పుస్తకం తెచ్చి బొమ్మ చూపించాడు. ఒక గొర్రె వీపు మీద నలుపూ తెలుపూ రంగుల్లో, పొడుగు తోకతో ఒక పిట్ట. దాని పేరు మాగ్‌పై అని చెప్పాడు.

బాబాయి ఆ సాయంత్రం మా ఇంటికి పరుగున వచ్చాడు. చలిదేశాల్లో కూడా పసులపోలిగాడి చుట్టాలున్నారట, మగపాయి అంటారట, అని చెప్పాడు. గోడ అవతలి నుంచి పిన్ని గొంతు వినపడింది.

“మగపాయి అయితే మరి ఆడపాయి ఏదండీ?”

బాబాయి తల పక్కకు వంచి కాసేపు ఆలోచించి, పుస్తకంలో ఒకటే బొమ్మ ఉందని నిజాయితీగా ఒప్పుకున్నాడు. మర్నాడు వెళ్ళి మాస్టర్‌మొశాయ్‌ని అడిగాడు కూడా. బెంగాలీలో ఆ ప్రశ్న ఏమని అడిగాడో, ఆయన ఏమని అర్థం చేసుకున్నాడో గాని, ఆ తర్వాత కొన్నాళ్ళు మాస్టర్‌మొశాయ్ వేరే కొట్లో టీ తాగాడు.

ఇక్కడిదాకా అందరం నవ్వుకున్నాం. గొడవ మందిరంలో మొదలైంది.

మా తెలుగు వాళ్ళకు సొంత మందిరం లేదు. బెంగాలీ సంఘం వాళ్ళ మందిరంలోనే, వాళ్ళ ఆరాధన అయ్యాక ఆదివారం మధ్యాహ్నం మా ఆరాధన జరిగేది. మా పాస్టరుగారు, మేము అయ్యగారు అనేవాళ్ళం, కలకత్తా రేవు దగ్గర ఏక్‌బాల్‌పూర్‌లో ఉండేవారు. పొద్దున అక్కడ రేవులో పనిచేసే తెలుగువాళ్ళకు ఆరాధన జరిపి, బస్సూ రైలూ మారి, కడుపు మాడ్చుకుని మా దగ్గరికి వచ్చేవారు. దిగగానే నేరుగా పిన్ని ఇంట్లో భోజనం. ఎన్నో ఏళ్ళ అలవాటు అది. ఆయనా బాబాయీ ఒకటే జిల్లా. పాస్టరు కాకముందు ఆయన రేవులో పనిచేసేవారు. కలకత్తా వచ్చిన కొత్తలో ఇద్దరూ ఏక్‌బాల్‌పూర్‌లో ఒకే గదిలో ఉన్నారు. అందుకని అయ్యగారి ముందు మిగతా అందరం చేతులు కట్టుకుని నిలబడితే, బాబాయి మాత్రం పక్కన కూర్చునేవాడు.

ఆరాధనకు ముందు పెద్దవాళ్ళకు బైబిలు వాక్యం చెప్పే తరగతి బాబాయిది. ఆ ఆదివారం సృష్టి పాఠం వచ్చింది. ఐదో రోజు నీళ్ళలో జలచరాలు, ఆకాశంలో పక్షులు. ఆరో రోజు పశువులు. ఇన్నేళ్ళుగా ఆయన చదువుతున్నదే, మేము వింటున్నదే. ఆ రోజు మాత్రం ఆరో రోజు దగ్గరికి రాగానే ఆగిపోయాడు. తల పక్కకు వంగింది. పిన్ని నా మోచెయ్యి పట్టుకుంది.

“మరయితే ఆ ఐదో రోజు గేదె లేదు గదా,” అన్నాడు. “పసులపోలిగాడు ఏటి సేసినాడు?”

అందరూ ఒక్కసారే మాట్లాడారు. చెట్టు మీద కూర్చుని ఉంటుందని కొందరు. ఆ రోజు ఉపవాసం ఉందని బట్టలు కుట్టే ఒకావిడ. ఐదో రోజున పెద్ద పెద్ద చేపలు కూడా పుట్టాయి గదా, వాటి వీపెక్కి తిరిగిందని స్టోర్సు గుమాస్తా. చేప మునిగితే పిట్ట ఏం కావాలని ఇంకొకరు. అటు చెట్టు పక్షం, ఇటు చేప పక్షం. బెంచీలు కదిలాయి. బయట వరండాలో బెంగాలీ సంఘం పెద్దలు టీ తాగుతున్నారు. వాళ్ళలో ఒకాయన లోపలికి తొంగిచూసి, తెలుగువాళ్ళు కొట్టుకుంటున్నారు అని మిగతావాళ్ళకు చెప్పాడు. సరిగ్గా అప్పుడే అయ్యగారు వచ్చారు.

ఆయన సంగతి విని, చెట్లు మూడో రోజే పుట్టాయి, పిట్ట చెట్టెక్కి కూర్చుంది, పాఠం ముందుకు నడిపించు అన్నారు. బాబాయి నడిపించలేదు. చెట్టే సరిపోయేదైతే ఆరో రోజు గేదె రాగానే చెట్టు దిగి దాని వెనక ఎందుకు పడిందని అడిగాడు. అక్కడితో ఆగినా బాగుండేది. గడ్డీ, గేదే, పిట్టా తరాల తరబడి కలిసి పెరిగాయని మాస్టర్‌మొశాయ్ చెప్పినదంతా చెప్పేశాడు. మగపాయి సంగతీ చెప్పాడు.

అయ్యగారి ముఖం ఎర్రబడింది. “నువ్వు ఆ మేష్టరు మాట వింటావా, వాక్యం మాట వింటావా?”

“రెండూ వింటానండి. పిట్ట మాట కూడా ఎవరో ఒకరు వినాలి గదండీ,” అన్నాడు బాబాయి.

ఎదిరించడానికి అన్న మాట కాదది. ఆయనకు నిజంగానే మూడు మాటలూ కావాలి. కాని మందిరంలో నిలబడి అంటే అది ఎదిరించినట్టే వినపడింది. వరండాలో బెంగాలీ పెద్దలు ఇంకా ఉన్నారు. మా గొడవలు వాళ్ళ కంట పడితే ఆ హాలు మాకు ఎన్నాళ్ళుంటుందో తెలియదు. అయ్యగారి భయం అదని నాకు ఇప్పుడు అర్థమవుతోంది. ఆ ప్రశ్న వదిలేదాకా తరగతి ముందు నిలబడొద్దని బాబాయికి చెప్పేశారు. ఆ రోజు పిన్ని ఇంటికి భోజనానికి రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు.

అయ్యగారు ప్లాట్‌ఫారం మీద మరమరాలు కొనుక్కుని, మందిరం మెట్ల మీద కూర్చుని తినేవారు. ఆకలి వల్ల ప్రసంగం చిన్నదైపోయింది. దానికి ఎవరూ బాధపడలేదు. బాధపడింది తరగతి విషయంలో. దాన్ని స్టోర్సు గుమాస్తాకు అప్పగించారు. అతను ఎవరు ఎవరిని కన్నారో ఆ వంశావళి పేర్లన్నీ సరుకు అప్పగించుకుంటున్నట్టు మెల్లగా చదివేవాడు. సగం మంది నిద్రపోయేవాళ్ళు. మిగతా సగం చెట్టు పక్షం, చేప పక్షంగా వేరువేరు బెంచీల్లో కూర్చునేవాళ్ళు.

పిన్ని ప్రతి ఆదివారం అయ్యగారి వాటా చేపల పులుసు వండుతూనే ఉంది. వడ్డించడానికి మనిషి లేక గిన్నె మా ఇంటికి పంపేది. ఈ గొడవ తొందరగా తీరిపోవాలని మా ఆయన అంత గట్టిగా ప్రార్థించి ఉండడని నా అనుమానం. కాని పిన్ని ముఖం చూస్తే నాకు ముద్ద దిగేది కాదు. ఆవిడ బాబాయితో పోట్లాడడం మానేసింది. గోడ అవతల అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు.

బాబాయి చిక్కిపోయాడు. చెరువు దగ్గరికి వెళ్ళడం మానలేదు గాని, తిరిగొచ్చాక ఏమీ చెప్పేవాడు కాదు. ఒకరోజు మా ఇంటికి వచ్చి, నా పుట్టింటి నల్ల గొంగళి ఇమ్మని అడిగాడు. మంచి ఎండాకాలం. జ్వరమేమో అని భయపడి ఇచ్చాను. అసలు సంగతి మా ఆయనకు మాత్రం చెప్పాడు. అయ్యగారు అన్నట్టు పిట్టకు గేదే అక్కర్లేదు, ఎత్తుగా ఏది ఉన్నా చాలు అన్నది నిజమైతే, అది తన వీపు మీద కూడా కూర్చోవాలి. కూర్చుంటే అయ్యగారే గెలిచినట్టు. ఐదో రోజు అది ఏ మొద్దు మీదో హాయిగా గడిపి ఉంటుంది. తను మందిరంలో అందరి ముందూ తప్పు ఒప్పుకుంటాడు. కూర్చోకపోతే మాత్రం ప్రశ్న ప్రశ్నగానే ఉంటుంది.

ఆదివారం మధ్యాహ్నం అన్నానికి పిలుచుకు రమ్మని పిన్ని నన్ను చెరువు గట్టుకు పంపింది. గట్టు మీద చెట్టు వెనక మా ఆయన నేల మీద కూలబడి, రెండు చేతులతో నోరు మూసుకుని ఉన్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఏమైందో అని అటు చూశాను. ఖటాల్ గేదెలు మేస్తున్నాయి. వాటి నడుమ మెడలో చెప్పు లేని గేదె ఒకటి, మిగతావాటికన్నా పొట్టిది, కుడికాలు ఎడమకాలు తడబడుతూ మెల్లగా కదులుతోంది. దాని ఒంటి మీద నా పుట్టింటి గొంగళి.

స్టేషను నుంచి మందిరానికి దగ్గరి దారి ఆ పచ్చికలోంచే. తెల్ల పంచె, తెల్ల కోటు, చేతిలో సంచీ, నోట్లో మరమరాలతో అయ్యగారు వస్తున్నారు. గేదెల పక్కనుంచి పోతూ, గొంగళి కిందనుంచి బయటికి వచ్చిన రెండు పాదాల్ని చూసి ఆగిపోయారు. ఆ పాదాలు ఎవరివో ఆయనకు తెలియకుండా ఎలా ఉంటుంది.

అప్పుడే ఒక నల్ల పిట్ట వచ్చి గొంగళి మీద వాలింది.

బాబాయి బిగుసుకుపోయాడు. వీపు మీద బరువు తెలుస్తోంది. తల తిప్పితే ఎగిరిపోతుంది. తిప్పకపోతే ఏ పిట్టో తెలియదు. ఎదురుగా ఉన్న మనిషి అయ్యగారు ఒక్కరే.

“అయ్యగారూ,” గొంగళి లోపలినుంచి గుసగుసగా వచ్చింది. “ఏ పిట్టండి?”

అయ్యగారు బాబాయితో మాట మానేసి చాలాకాలమైంది. ఆయన నాలుగువైపులా చూశారు. మరమరాలు మింగారు.

“నల్లది,” అన్నారు.

“తోక సీలి ఉన్నాదా?”

అయ్యగారికి పిట్టల సంగతి తెలియదు. చూపు కూడా అంత బాగా ఆనదు. సంచీ కింద పెట్టి, పంచె ఎత్తిపట్టుకుని, ఒక్కో అడుగే వేస్తూ దగ్గరికి వచ్చారు. తోకవైపుకు తిరిగి చూడాలని గేదెల వెనకగా చుట్టు తిరిగారు. గేదెలు నిలబడే చోట నేల ఎలా ఉంటుందో ఆయన గుర్తుపెట్టుకోలేదు. చూస్తుండగానే మోకాళ్ళ దాకా బురదలోకి దిగిపోయారు. ఆ చప్పుడుకు పిట్ట ఎగిరిపోయింది.

బాబాయి గొంగళి తీసి లేచాడు. ముఖమంతా చెమట, ఒక బుగ్గకు పేడ.

“తోక సూసినారా?”

ఒక్క మాట చెబితే అయ్యగారు గెలిచిపోయేవారు. చీలి ఉంది అంటే చాలు. వాదం ఆయనదే, తరగతి ఆయనదే, అన్నిటికన్నా ముందు పిన్ని చేతి పులుసు ఆయనదే. బురదలో నిలబడి ఆయన చాలాసేపు ఆలోచించారు.

“నేదు,” అన్నారు చివరికి. “నాను సూణ్ణేదు.”

అయ్యగారు ఎప్పుడూ పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడే మనిషి. ఆయన నోట మా వైపు మాట వినడం నాకు అదే మొదలు. బాబాయి తల పక్కకు వంచి ఆ మాట విన్నాడు. “అది కాదు సంగతి” అనలేదు. చెయ్యి అందించి ఆయన్ని బురదలోంచి పైకి లాగాడు.

తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను. ఆ పిట్ట కాకో, పసులపోలిగాడో ఈనాటికీ తేలలేదు. నాకు ఎండ కళ్ళలో పడింది. మా ఆయన కళ్ళలో నీళ్ళు. గేదెలు చెప్పవు. తరగతి మళ్ళీ బాబాయికి వచ్చింది. ఆ ప్రశ్న ఆయన మందిరంలో మళ్ళీ అడగలేదు. బయట అడగడం మానలేదు. అయ్యగారు మాత్రం తర్వాత తర్వాత ముందు రైలుకే రావడం మొదలుపెట్టారు. సంఘం పని ఉందనేవారు. చెరువు గట్టు మీద ఇద్దరూ ఒక పక్కకే తలలు వంచి కూర్చునేవాళ్ళు.

కాని నాకు గుర్తుండిపోయింది ఇవేవీ కాదు. ఆ మధ్యాహ్నం పిన్ని ఇంట్లో భోజనం.

బురద బట్టలతో మందిరానికి వెళ్ళలేరు గనక అయ్యగారు ఆ ఇంటికి రాక తప్పలేదు. పిన్ని వేడినీళ్ళు పెట్టింది, బాబాయి పంచె ఇచ్చింది, పీట వేసింది. అయ్యగారూ బాబాయీ పక్కపక్కన కూర్చున్నారు. నేను వడ్డనకు సాయం చేస్తున్నాను. ఇద్దరూ తలలు వంచుకుని తింటున్నారు. రెండోసారి పులుసు వేసుకున్నాక అయ్యగారు మెల్లగా, అయితే ఆ ఐదో రోజు అది ఏం చేసి ఉంటుందంటావు, అని బాబాయిని అడిగారు. తెలీదండి అన్నాడు బాబాయి.

పిన్ని గరిటె కింద పెట్టింది.

“ఆడపిట్ట గూడు కట్టుకున్నాదండి,” అంది. “దానికి రోజంతా పనే. ఏటీ తోచక కూకున్నది మగపిట్టొక్కటే.”

అయ్యగారికి నవ్వు పొలమారింది. నేను నీళ్ళు అందించాను. బాబాయి మాత్రం నవ్వలేదు. ఆయనకు ఇది కొత్త సంగతి. చేతిలో ముద్ద అలాగే పట్టుకుని, నీకెలా తెలుసు అని అడిగాడు.

“పెళ్ళయిన నెలకే మీరు కలకత్తా వచ్చీసినారు. క్వార్టరు దొరికేదాకా నాను మా అమ్మగారింట్లోనే ఉన్నాను. మీకోసమని బొంతలు కుట్టినాను, ఆవకాయ పెట్టినాను, చదవడం నేర్చుకున్నాను. మరి అన్నాళ్ళూ మీరిక్కడ ఏటి సేసినారు?”

ఎగతాళిగానే అడిగింది. ఇన్నేళ్ళ కాపురంలో అడగాలని తోచని ప్రశ్న, మాట వరసలో వచ్చేసింది. బాబాయి ముద్ద కంచంలో పెట్టేశాడు.

“నాను సెప్తానమ్మా,” అన్నారు అయ్యగారు, నవ్వు ఆపుకుని, కళ్ళు తుడుచుకుంటూ. “ఒకే గదిలో ఉన్నాం గదా. ఏడిసేవోడు. డ్యూటీ నుంచి రావడం, గోడవేపు తిరిగి ఏడవడం. మీ ఊరు పేరు ఎవరైనా ఎత్తితే సాలు.”

అన్న తర్వాత అనకూడనిది అన్నానని ఆయనకు తెలిసింది. బాబాయి లేచి, చెయ్యి కడుక్కోవడానికి బయట కుళాయి దగ్గరికి వెళ్ళాడు. నీళ్ళు పడుతున్న చప్పుడు వినపడింది. అది ఎంతసేపటికీ ఆగలేదు.

పిన్ని గుమ్మం వైపు చూసింది. తర్వాత పులుసు గిన్నె నా చేతికిచ్చి, అయ్యగారికి వడ్డించమని చెప్పి, తువ్వాలు తీసుకుని బయటికి వెళ్ళింది. కుళాయి ఆగింది. వాళ్ళ మాటలేవీ మాకు వినపడలేదు.

అయ్యగారు భోజనం ముగించి, ఖాళీ కంచం ముందు అలాగే కూర్చున్నారు. మందిరంలో జనం ఎదురుచూస్తున్నారని ఎవరో వచ్చి చెప్పారు. కాసేపు ఆగమని ఆయన చేత్తో సైగ చేశారు. ఆ రోజు ఆరాధన చాలా ఆలస్యంగా మొదలైంది.